పార్కిన్సన్స్ పది రోజుల్లో ముదిరిందా? ఒక రిటైర్డ్ మాస్టారి కేసు

పార్కిన్సన్స్ జబ్బు పది రోజుల్లో ముదరదు. ముదిరితే ఏళ్ల మీద, మరీ తొందరైతే నెలల మీద ముదురుతుంది. మొన్నటిదాకా సందు చివరి కొట్టుకు నడిచి వెళ్లి పాల ప్యాకెట్ తెచ్చుకున్న మనిషి ఇవాళ మంచం మీద నుంచి కాళ్లు కిందికి దించలేకపోతున్నాడంటే, పార్కిన్సన్స్‌తో పాటు ఇంకేదో జరుగుతోందని అర్థం. న్యూరాలజీ చదివిన ప్రతివాళ్లకూ ఈ మాట తెలుసు. అయినా ఓపీలో ఎదురుగా కూర్చున్న కుటుంబం "జబ్బు ముదిరిపోయింది డాక్టరు గారూ, డోసు పెంచండి" అంటుంటే కలం అటువైపే వెళ్తుంది. ఈ కేసు రాయడానికి అది ఒక కారణం. రెండో కారణం, పేషెంటు కొడుకు అడిగిన ప్రశ్నలు. పార్కిన్సన్స్‌లో ఇమ్యూన్ కణాల (రోగాల నుంచి ఒంటిని కాపాడే కణాల) గురించి అతను బాగా చదువుకుని వచ్చాడు. చదివిన విషయాల్లో తప్పు లేదు. వాటి నుంచి వైద్యానికి వేసిన గంతులోనే ఇబ్బంది ఉంది.

గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. రాయడానికి కుటుంబం ఒప్పుకుంది.

నేపథ్యం

డెబ్భైకి దగ్గరపడుతున్న రిటైర్డ్ టీచర్. కోస్తా ఆంధ్రలో ఒక చిన్న టౌన్‌లో భార్యతో ఉంటారు. ఒక్కడే కొడుకు, అమెరికాలో ఉద్యోగం. ఊరంతా పిలిచినట్టే నేనూ ఆయన్ని ఇక్కడ మాస్టారు అంటాను. ఆరేళ్ల కిందట కుడిచేతి బొటనవేలి వణుకుతో జబ్బు మొదలైంది. తర్వాత చేతిరాత చిన్నదైపోయింది, నడిచేటప్పుడు కుడిచెయ్యి ఊగడం మానేసింది. కదలికలకు కావలసిన డోపమైన్ అనే రసాయనం ఈ జబ్బులో మెదడులో తగ్గిపోతుంది. దాన్ని భర్తీ చేసే లెవోడోపా మొదలుపెట్టగానే మంచి గుణం కనిపించింది. అసలు పార్కిన్సన్సే అని నమ్మకం కలిగించే గుర్తుల్లో అదొకటి.

వణుకుకు చాలా ముందు నుంచే రెండు విషయాలున్నాయని భార్య చెప్పారు. ఒకటి మలబద్ధకం. రెండోది నిద్రలో కేకలు పెట్టడం, చేతులు విసరడం. "పిల్లల్ని కొడుతున్నట్టు కలగంటున్నారేమో అనుకునేదాన్నండీ" అన్నారామె. ఈ రెండూ వణుకు కన్నా ఏళ్ల ముందే కనబడగల లక్షణాలు. చాలామందిలో జబ్బు మెదడు కింది భాగంలోనో, వాసన నాడుల్లోనో మొదలై పైకి పాకుతుందని 2003లో జర్మనీకి చెందిన హైకో బ్రాక్ బృందం ప్రతిపాదించింది. దాని మొదలు పేగుల్లో ఉండొచ్చన్న ఆలోచన కూడా అప్పటి నుంచే బలపడింది. అందరికీ ఇదే వరస వర్తించదు గానీ, మాస్టారి చరిత్ర దానికి దగ్గరగానే ఉంది.

వాడుతున్న మందులు: లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర రోజుకు నాలుగుసార్లు, రాత్రికి డోపమైన్‌లా పనిచేసే రోపినిరోల్, వణుకు కోసం మధ్యలో ఎవరో చేర్చిన ట్రైహెక్సీఫెనిడిల్, అదే పాసిటేన్. ప్రోస్టేట్ కొంచెం పెరిగి ఉంది. షుగర్ బోర్డర్‌లో ఉంది.

వచ్చినప్పటి పరిస్థితి

వీల్ చైర్లో తీసుకొచ్చారు. మెడ, భుజాలు, మోకాళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. మాట గొణుగుడులా ఉంది. పగలంతా మగత. రాత్రయితే గదిలో పిల్లలు కనబడుతున్నారు. భయపడటం లేదు, వాళ్లకు కుర్చీలు వెయ్యమని భార్యకు చెబుతున్నారు. నీళ్లు తాగితే పొలమారుతోంది. జ్వరం లేదు.

ఇదంతా పది రోజుల్లో జరిగింది. ఆ పది రోజుల్లో ఏ రోజు ఏం జరిగిందో మాస్టారి భార్య నోట్‌బుక్కులో రాసి పెట్టారు. ఆ నోట్‌బుక్కు లేకపోతే ఈ కేసు విడిపోయేది కాదు. అందులోని వరస ఇది. మొదట మూత్రంలో మంట. దగ్గర్లోని డాక్టరు సిప్రోఫ్లాక్సాసిన్ (సిప్రో) అనే యాంటిబయాటిక్ రాశారు. మూడు రోజులకు మంట తగ్గింది, మాత్రలు ఆపేశారు. సిప్రో మొదలైన రెండో రాత్రే గదిలోకి పిల్లలొచ్చారు. ఆ తర్వాత నడక మందగించింది. జబ్బు ముదిరిందనుకుని ఇంకో క్లినిక్‌లో లెవోడోపా ప్రతి డోసుకూ అర మాత్ర పెంచారు. దాంతో వికారం. వికారానికి గ్యాస్ క్యాప్స్యూల్. ఆ క్యాప్స్యూల్‌లో లెవోసల్పిరైడ్ ఉంది. రెండు రోజుల్లో మరీ బిగుసుకుపోయారు.

మన దగ్గర గ్యాస్ బిళ్ల అంటే కరివేపాకంత మామూలు వ్యవహారం, ఎవరూ దాన్ని మందుల లెక్కలో చెప్పరు. కానీ లెవోసల్పిరైడ్ డోపమైన్ రిసెప్టర్లను అడ్డుకుంటుంది. పార్కిన్సన్స్ లేనివాళ్లలో కూడా వణుకు, బిగుతు తెప్పించగలదు. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, కళ్లు తిరిగితే ఇచ్చే సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్ కూడా ఈ కోవలోవే. అందుకే పార్కిన్సన్స్ పేషెంటు ఎవరొచ్చినా చీటీలే కాదు, ఇంట్లో ఉన్న మందుల సంచీ మొత్తం టేబుల్ మీద పోయించి చూస్తాను.

మొదటి నిర్ణయాలు

హఠాత్తుగా దిగజారిన పార్కిన్సన్స్ పేషెంటులో నేను ముందు ప్రాణం తీసే కారణాలు వెతుకుతాను. మందు ఒక్కసారిగా ఆగిపోతే ఒళ్లు కాలిపోయే జ్వరంతో, కండరాలు కర్రల్లా బిగుసుకుపోయి, కండరాల దెబ్బను చూపించే సీకే అనే రక్తపరీక్ష విలువ విపరీతంగా పెరిగే ఒక స్థితి వస్తుంది. మాస్టారికి డోసులు తప్పలేదు, జ్వరం లేదు, సీకే మామూలుగానే ఉంది. ఈ మధ్య ఒకసారి జారిపడ్డారని తెలిసి తలకు సీటీ తీయించాను, రక్తం గూడు కట్టలేదు. సోడియం కొద్దిగా తక్కువ, షుగర్ కొంచెం ఎక్కువ. వీటిలో ఏదీ మంచాన పడేసేంతది కాదు.

తర్వాత మందులు. లెవోసల్పిరైడ్ వెంటనే ఆపాను. పెంచిన లెవోడోపాను పాత డోసుకు తెచ్చాను. బిగుసుకుపోయిన మనిషికి డోసు తగ్గించడమేంటని కుటుంబానికి టెన్షన్ పట్టుకుంది. అది సహజమే. నా ఆలోచన ఇది: పెంచిన డోసుతో కదలిక బాగుపడలేదు, వికారం వచ్చింది, పగలు రాత్రి తేడా తెలియకుండా పోయింది. లాభం లేని డోసు ఉంచితే మెదడు గందరగోళంలో మందు వాటా ఎంతో, జబ్బు వాటా ఎంతో ఎప్పటికీ తేలదు.

సిప్రో సంగతి కూడా ఇక్కడే తేలింది. రోపినిరోల్‌ను కాలేయంలో విరగ్గొట్టే సీవైపీ1ఏ2 అనే ఎంజైమును సిప్రోఫ్లాక్సాసిన్ అడ్డుకుంటుంది. ఈ రెండూ కలిపి వాడితే శరీరానికి అందే రోపినిరోల్ సగటున 84 శాతం పెరుగుతుంది. అంటే ఎవరూ పెంచకుండానే ఆయన రోపినిరోల్ డోసు రెట్టింపుకు దగ్గరైంది. రెండో రాత్రే పిల్లలు కనబడటానికి ఇది సరిపడే కారణం. కానీ సిప్రో ఆపి వారం అయింది. ఆ ప్రభావం ఈపాటికి పోయి ఉండాలి. భ్రమలు పోలేదు.

పనిచేయనివి

లెవోసల్పిరైడ్ ఆపడం, డోసు సరిచేయడం, సెలైన్‌తో సోడియం సర్దడం: వీటితో వికారం తగ్గింది, అంతే. లెవోసల్పిరైడ్ ప్రభావం పోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది కాబట్టి ఓపిక పట్టొచ్చు. కానీ మగత తగ్గకపోవడం నాకు నచ్చలేదు. లెవోసల్పిరైడ్ బిగుతును వివరిస్తుంది, మగతను అంతగా వివరించదు.

రాత్రి భ్రమలకు అతి తక్కువ డోసులో క్వెటియాపిన్ ఇచ్చి చూశాం. ఇలాంటి వాళ్లకు డోపమైన్‌ను అడ్డుకునే హాలోపెరిడాల్ ఇంజెక్షన్ ఇవ్వకూడదని వార్డు సిస్టర్లకు ముందే చెప్పి, కేస్ షీట్ మీద ఎర్ర ఇంకుతో రాయించాను. క్వెటియాపిన్‌తో రాత్రి నిద్ర పట్టింది గానీ పొద్దున్న నోట్లో పెట్టిన ఇడ్లీ నమలలేనంత మగతలో ఉన్నారు. పొలమారి న్యుమోనియా వస్తే ఉన్నది కూడా పోతుంది. పైగా ఆ భ్రమలు ఆయన్ని ఇబ్బంది పెట్టడం లేదు, భార్యనే పెడుతున్నాయి. ఆమెతో మాట్లాడి క్వెటియాపిన్ ఆపేశాను.

అసలు కారణం

మూత్రంలో మంట తగ్గిందంటే ఇన్ఫెక్షన్ పోయిందని అందరం అనుకుంటాం. ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉంటే రక్తంలో పెరిగే సీఆర్‌పీ మాత్రం బాగా ఎక్కువగా ఉంది. తెల్ల కణాల కౌంటు మామూలుగా ఉన్నా, జ్వరం లేకపోయినా, ముసలివాళ్లలో ఇన్ఫెక్షన్ లేదని చెప్పలేం. వాళ్లలో చాలాసార్లు మొదట మారేది టెంపరేచర్ కాదు, మనిషి. అల్ట్రాసౌండ్‌లో మూత్రం పోసిన తర్వాత కూడా సంచిలో చాలా మిగిలి ఉంది. మూత్రంలో చీము కణాలు. కల్చర్‌లో ఈ.కోలై పెరిగింది, సిప్రోకు లొంగని రకం. మూడు రోజుల సిప్రో మంటను తగ్గించింది, క్రిమిని వదిలేసింది.

మూత్రం ఎందుకు నిలిచిపోయింది? ప్రోస్టేట్ కొంత, పార్కిన్సన్స్ కొంత, మలంతో నిండిపోయిన పేగు కొంత, పాసిటేన్ ఎక్కువ. వణుకు తగ్గించే ఆ మందు మూత్రాశయాన్ని మందగింపజేస్తుంది, మలబద్ధకం పెంచుతుంది, ముసలి మెదడును తికమక పెడుతుంది. అరవై అయిదు దాటినవాళ్లకు దాన్ని రాయడానికి నాకు చెయ్యి రాదు.

కల్చర్ రిపోర్టు ప్రకారం యాంటిబయాటిక్ ఇంజెక్షన్ మొదలుపెట్టాం. కొద్ది రోజులు మూత్రానికి గొట్టం వేశాం. గొట్టమే కొత్త ఇన్ఫెక్షన్‌కు దారి కాబట్టి దాన్ని తీసే తేదీని వేసిన రోజే రాసుకున్నాం. మలబద్ధకానికి మందు. పాసిటేన్‌ను ఒక్కసారిగా ఆపితే కండరాల బిగుతు తిరగబడుతుంది, అందుకని మెల్లగా తగ్గించాం. రోపినిరోల్‌ను కూడా అలాగే దించుకుంటూ వచ్చాం.

నాలుగైదు రోజులకు మగత విడింది. పేరు అడిగితే ఇంటిపేరుతో సహా చెప్పారు. సీఆర్‌పీ దిగింది. అయితే నడక ఇంకా రాలేదు. ఇక్కడే కొడుకు వీడియో కాల్‌లోకి వచ్చాడు.

మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు కాళ్లు ఎందుకు బిగుసుకుంటాయి?

అతను అడిగిన మొదటి ప్రశ్న ఇదే, చాలా మంచి ప్రశ్న.

పార్కిన్సన్స్‌లో డోపమైన్ తయారుచేసే నాడీకణాలు సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట చనిపోతాయి. వాటి చుట్టూ మైక్రోగ్లియా ఉంటాయి. అవి మెదడులోనే నివసించే ఇమ్యూన్ కణాలు: చెత్త ఎత్తుతాయి, ప్రమాదం వస్తే రసాయనాలు వదులుతాయి. 1988లో కెనడాలో పాట్రిక్ మెక్‌గీర్, ఎడిత్ మెక్‌గీర్ బృందం చనిపోయిన పార్కిన్సన్స్ పేషెంట్ల మెదళ్లను పరీక్షించి, ఆ చోట మైక్రోగ్లియా రెచ్చిపోయి ఉన్నాయని చూపించింది. అప్పట్లో చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకున్నారు. నాడీకణాలు చచ్చిపోయాక శవాలెత్తడానికి వచ్చిన కణాలేలే అనుకున్నారు.

ఆ మాటకు గట్టి ఎదురు సాక్ష్యం ఒక విషాదం నుంచి వచ్చింది. 1980ల మొదట్లో కాలిఫోర్నియాలో కొందరు యువకులు కల్తీ మత్తుమందు ఎక్కించుకుని రోజుల్లోనే పార్కిన్సన్స్ పేషెంట్లలా బిగుసుకుపోయారు. కల్తీ అయింది ఎంపీటీపీ అనే పదార్థమని విలియం లాంగ్‌స్టన్ బృందం 1983లో చెప్పింది. అలాంటి ముగ్గురి మెదళ్లను వాళ్లు చనిపోయాక పరీక్షించి 1999లో రిపోర్టు చేశారు. విషం తగిలిన తర్వాత వాళ్లు 3 నుంచి 16 ఏళ్లు బతికారు. అన్నేళ్ల తర్వాత కూడా మైక్రోగ్లియా రెచ్చిపోయే ఉన్నాయి, నాడీకణాలు ఇంకా చనిపోతున్న ఆనవాళ్లు కనిపించాయి. విషం ఎప్పుడో పోయింది, మంట ఆరలేదు.

ఆ తర్వాత టీ-కణాల వంతు. ఇవి రక్తంలో తిరిగే ఇమ్యూన్ కణాలు, మామూలుగా మెదడులోకి పెద్దగా రావు. పార్కిన్సన్స్ మెదళ్లలో సబ్‌స్టాన్షియా నైగ్రా దగ్గర సీడీ4, సీడీ8 రకాల టీ-కణాలు చేరాయని 2009లో ఫ్రాన్స్ పరిశోధకులు చూపించారు. 2010లో, ఇమ్యూన్ వ్యవస్థ సొంతదాన్నీ పరాయిదాన్నీ గుర్తుపట్టడానికి వాడే హెచ్ఎల్ఏ జన్యువుల ప్రాంతానికీ పార్కిన్సన్స్ రిస్కుకూ లంకె ఉందని తేలింది. పార్కిన్సన్స్‌లో నాడీకణాల్లో పేరుకుపోయే ప్రోటీన్ ఆల్ఫా-సైన్యూక్లిన్. పేషెంట్లలో దాదాపు 40 శాతం మంది రక్తంలోని టీ-కణాలు దాని ముక్కలను శత్రువుగా గుర్తిస్తున్నాయని కొలంబియా యూనివర్సిటీ, లా హోయా ఇన్‌స్టిట్యూట్ కలిసి 2017లో ప్రకటించాయి. ఈ స్పందన జబ్బు మొదట్లో ఎక్కువ, తర్వాత తగ్గుతుందని 2020లో చెప్పారు. అందులో ఒక్క మనిషి కేసు నాకు బాగా గుర్తుండిపోయింది. వేరే కారణానికి దాచిన అతని పాత రక్తం శాంపిళ్లు దొరికాయి. జబ్బు బయటపడక ఏళ్ల ముందు నుంచే ఆ టీ-కణాలు అందులో ఉన్నాయి.

మన ప్రాంతానికి దగ్గరగా వచ్చే ఒక ముచ్చట కూడా ఉంది. పార్కిన్సన్స్‌తో ముడిపడిన ఎల్ఆర్ఆర్‌కే2 అనే జన్యువులోని తేడాలు పేగుల్లో వచ్చే క్రోన్స్ జబ్బుతోనూ, కుష్ఠుతోనూ ముడిపడి ఉన్నాయి. మూడింటికీ పైకి ఏ పోలికా లేదు. లోపల చూస్తే ఆ జన్యువు ఇమ్యూన్ కణాల్లో బాగా పనిచేస్తుంటుంది.

ఇప్పుడు మాస్టారి కాళ్ల దగ్గరికి వద్దాం. మూత్రాశయంలో ఇన్ఫెక్షన్ ఉంటే రక్తంలో ఐఎల్-1, ఐఎల్-6, టీఎన్ఎఫ్ లాంటి సైటోకైన్లు పెరుగుతాయి. ఇవి ఇన్‌ఫ్లమేషన్‌ను, అంటే ఇమ్యూన్ కణాలు రేపే మంటను, పెంచే సంకేత రసాయనాలు. వాటి సంకేతం రక్తనాళాల గోడల ద్వారా, మెదడు నుంచి పొట్ట దాకా వెళ్లే వేగస్ నాడి ద్వారా మెదడుకు చేరుతుంది. మామూలు మెదడులో దీనివల్ల కాస్త నీరసం, ఆకలి లేకపోవడం, పడుకోవాలనిపించడం, అంతే. పార్కిన్సన్స్ మెదడులో మైక్రోగ్లియా ముందే సిద్ధంగా కూర్చుని ఉన్నాయి. దొంగలు పడ్డ ఊళ్లో కుక్క ఆకు కదిలినా మొరుగుతుంది కదా, అలా. ఎక్కడో కడుపు కింద రేగిన చిన్న గొడవకు అవి అతిగా స్పందిస్తాయి. ఇది జంతువుల ప్రయోగాల్లో బాగా కనిపించింది. ఇన్ఫెక్షన్ వచ్చిన పార్కిన్సన్స్ పేషెంట్లలో కదలిక, తెలివి ఒకేసారి దిగజారడం మేం వార్డుల్లో చూస్తూనే ఉంటాం.

అయితే ఈ ఒక్క కేసుతో మైక్రోగ్లియాను దోషిగా నిలబెట్టలేను, ఆ మాట కొడుక్కీ చెప్పాను. లెవోసల్పిరైడ్ ఉంది, సిప్రో-రోపినిరోల్ గొడవ ఉంది, పాసిటేన్ ఉంది, సోడియం ఉంది. అన్నీ ఒకే వారంలో ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మగత తగ్గడం మాత్రం సీఆర్‌పీ తగ్గడంతో పాటే జరిగింది, మందులు ఆపిన వెంటనే జరగలేదు. నేను ఇన్ఫెక్షన్ వైపు మొగ్గడానికి ఆధారం అదే.

కొడుకు అడిగిన వైద్యాలు

"మరి ఇది ఇన్‌ఫ్లమేషన్ అయితే, ఇన్‌ఫ్లమేషన్‌కే మందు ఇవ్వొచ్చు కదా డాక్టర్ గారూ?" లిస్టు తయారుగా ఉంది: స్టెరాయిడ్, ఐబుప్రోఫెన్, టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్, స్టెమ్ సెల్స్ (మూలకణాలు). ఒక్కోదాని మీద చాలాసేపు మాట్లాడుకున్నాం. తీసిపారేసే ప్రశ్నలు కావవి.

స్టెరాయిడ్ ఆలోచన ఊరికే రాలేదు. కిందటేడు మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఒక ఆర్ఎంపీ ఇచ్చిన ఇంజెక్షన్ తర్వాత నాన్న రెండు రోజులు హుషారుగా తిరిగారట. స్టెరాయిడ్ ఎవరికైనా నొప్పి తగ్గించి, తాత్కాలికంగా హుషారు ఇవ్వగలదు. దాన్ని పార్కిన్సన్స్‌కు మందుగా లెక్కేయలేం. ఇప్పుడైతే ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉంది, షుగర్ అంచున ఉంది, రాత్రిళ్లు లేనివి కనబడుతున్నాయి. స్టెరాయిడ్ ఈ మూడింటినీ పెంచుతుంది.

ఐబుప్రోఫెన్ వాడేవాళ్లలో పార్కిన్సన్స్ కొంత తక్కువగా వస్తుందని పెద్ద సర్వేల్లో కనిపించిన మాట నిజం. రాకుండా ఆపడం వేరు, వచ్చినదాన్ని తగ్గించడం వేరు. వచ్చినవాళ్లకు పనిచేస్తుందన్న రుజువు లేదు. నీళ్లు తక్కువ తాగే ముసలాయనకు రోజూ ఐబుప్రోఫెన్ ఇస్తే కడుపులో పుండు, కిడ్నీ దెబ్బ ఖాయంగా ఎదురుచూడాల్సినవి.

టీఎన్ఎఫ్ ఇంజెక్షన్ గురించి అతను 2018 నాటి అమెరికా అధ్యయనం చూపించాడు. పేగు ఇన్‌ఫ్లమేషన్ జబ్బులున్నవాళ్లలో పార్కిన్సన్స్ ఎక్కువ. వాళ్లలో టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే మందు వాడినవాళ్లకు 78 శాతం తక్కువ. ఆ అంకె చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ అది పేగు జబ్బున్నవాళ్ల లెక్క, వాళ్లకు పార్కిన్సన్స్ రాకముందు లెక్క. ఈ ఇంజెక్షన్ పెద్ద అణువు, మెదడులోకి చాలా కొద్దిగానే వెళ్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, మన దేశంలో చాలామంది ఒంట్లో టీబీ క్రిమి నిద్రపోతూ ఉంటుంది. టీఎన్ఎఫ్‌ను అడ్డుకుంటే అది లేవొచ్చు. ఈ మందు మొదలుపెట్టే ముందు ఎవరికైనా టీబీ పరీక్ష చేసేది అందుకే.

ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గిస్తుందన్న ఆశతో పార్కిన్సన్స్‌లో పరీక్షించిన మందులు ఇంకా ఉన్నాయి. షుగర్‌కు వాడే పియోగ్లిటజోన్‌ను తొలిదశ పేషెంట్లు 210 మందిలో పరీక్షించి, ఉపయోగం లేదని 2015లో తేల్చారు. షుగర్‌కే వాడే ఎక్సెనటైడ్ మీద ఎన్నో ఆశలు పెట్టుకుంటే పెద్ద ట్రయల్‌లో అదీ నిలబడలేదు. ఎలుకల్లో పనిచేసి మనుషుల్లో పనిచేయకపోవడానికి నాకు తోచే కారణం టైమింగ్. వణుకు కనబడే నాటికే డోపమైన్ కణాల్లో చాలా భాగం పోయి ఉంటుంది. టీ-కణాల హడావుడి మొదట్లోనే ఎక్కువన్న 2020 ఫలితం కూడా అటువైపే చూపిస్తోంది. ఆరేళ్ల జబ్బున్న మాస్టారికి ఆ రైలు ఎప్పుడో వెళ్లిపోయి ఉండొచ్చు.

స్టెమ్ సెల్స్ మీద మాత్రం నేను ఎక్కువ ఓపిక చూపించలేదు. లక్షలు తీసుకుని వెన్నులోకి ఎక్కించే క్లినిక్కుల ప్రకటనలు అతనికి ఫోన్‌లో వస్తున్నాయి. ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం పార్కిన్సన్స్‌కు స్టెమ్ సెల్స్‌ను అనుమతి ఉన్న ట్రయల్‌లో తప్ప వైద్యంగా అమ్మకూడదు. నిజమైన ట్రయల్‌లో పేషెంటు దగ్గర డబ్బు తీసుకోరు. అతనికి ఆ ఒక్క ముక్క చాలింది.

పనిచేసింది

ఇన్ఫెక్షన్ పూర్తిగా తగ్గించడం, అడ్డం వస్తున్న మందులు తీసేయడం, మంచం మీద ఉండగానే ఫిజియోథెరపీ మొదలుపెట్టడం. కొత్త మందు ఏదీ లేదు. లెవోడోపాను భోజనానికి అరగంట ముందు వేయించాం. అంతకుముందు పప్పన్నంతో పాటే వేసుకునేవారు, మాంసకృత్తులు దాన్ని పేగులో సరిగ్గా పీల్చుకోనివ్వవు. గొట్టం తీసిన తర్వాత మూత్రం సరిగ్గా పోతోందని మళ్లీ అల్ట్రాసౌండ్‌తో చూశాం.

డోసు పెంచడానికి మాత్రం దాదాపు రెండు నెలలు ఆగాను. కుటుంబం రెండుసార్లు అడిగింది. ఇన్ఫెక్షన్ తర్వాత ముసలి మెదడు తేరుకోవడానికి వారాలు పడుతుంది. ఆ లోపల పెంచితే, తనంతట తాను వచ్చే మెరుగుదల డోసు ఖాతాలో పడుతుంది, ఆ ఎక్కువ డోసు ఇక ఎప్పటికీ ఉండిపోతుంది. రెండు నెలలకు చేతికర్రతో వీధి వరకు నడిచారు. పిల్లలు కనబడటం ఆగిపోయింది. మధ్యాహ్నం డోసుకు ముందు మాత్రం మందు ప్రభావం స్పష్టంగా అయిపోతోంది. అప్పుడు ఆ ఒక్క డోసు కొంచెం పెంచాను, పనిచేసింది.

ఇన్ఫెక్షన్ ముందున్న స్థాయికి మాత్రం పూర్తిగా చేరలేదు. అంతకుముందు కర్ర లేదు. లెక్కలు నోటితో చేసే మనిషి ఇప్పుడు చిల్లరకు తడుముకుంటున్నారు. రెచ్చిపోయిన మైక్రోగ్లియా కొన్ని నాడీకణాలను తీసుకెళ్లిందా, లేక ఎలాగూ రాబోయే ఏడాది దిగజారుడు కాస్త ముందుగా కనబడిందా అని కొడుకు అడిగాడు. రెండూ సాధ్యమే. ఏదైనా సరే, తర్వాతి ఇన్ఫెక్షన్‌ను త్వరగా పట్టుకోవాలన్నది మారదు.

అందుకని మాస్టారి భార్యతో కూర్చుని ఒక కాగితం రాశాం. రెండు మూడు రోజుల్లో నడక పడిపోయినా, పగలు మగతగా ఉన్నా, కొత్తగా ఏవో కనబడుతున్నా డోసు మార్చకుండా ముందు వెతకాల్సినవి: మూత్రం, ఛాతీ, పళ్లు, చర్మం మీద పుండ్లు, మలబద్ధకం, కొత్తగా వేసుకున్న మాత్ర ఏదైనా. ఎక్కడికెళ్లినా చూపించడానికి, ఇవ్వకూడని మందుల పేర్లు వెనకవైపు పెద్ద అక్షరాలతో. ఫ్లూ టీకా, న్యుమోకోకల్ టీకా వేయించాం.

కొన్ని నెలలకు ఆమె ఫోన్ చేశారు. "నిన్నటి నుంచి మళ్లీ అడుగు పడటం లేదండీ. మూత్రం బాగానే ఉంది, మూడు రోజుల నుంచి ఎడమవైపు నమలడం లేదు." మాస్టారు నొప్పి అని ఒక్కసారీ అనలేదు. ముఖంలో కదలిక తగ్గిన మనిషికి బాధ కూడా ముఖంలో కనబడదు. డెంటిస్టు చూస్తే చిగురు కింద చీము గడ్డ. దాన్ని తీసి, యాంటిబయాటిక్ ఇచ్చారు. ఆ డెంటిస్టు ప్రిస్క్రిప్షన్‌లో వాంతుల మందు ఒకటి ఉంటే, కాగితం వెనకవైపు చూపించి ఆమే మార్పించారు. వారంలో తిరిగి వీధిలోకి వచ్చారు. ఈసారి భ్రమలు రాలేదు, ఆసుపత్రిలో చేర్చాల్సిన పని పడలేదు.

కొడుకు కిందటిసారి సెలవుల్లో వచ్చినప్పుడు తన గురించి అడిగాడు. ఆ టీ-కణాల రక్తపరీక్ష తనకు చేయించుకోవచ్చా, ఇప్పటి నుంచే ఐబుప్రోఫెన్ వేసుకోవాలా అని. ఆ పరీక్ష పరిశోధన ల్యాబుల్లోదే, క్లినిక్‌లో దాన్ని పట్టుకుని ఎవరికీ జబ్బు వస్తుందనీ రాదనీ చెప్పలేం. ఐబుప్రోఫెన్ వద్దన్నాను. తండ్రికి ఈ వయసులో మొదలైన పార్కిన్సన్స్ కొడుక్కి రావాలని లేదు, చాలామందికి రాదు. క్రమం తప్పని వ్యాయామం చేసేవాళ్లలో ఇది తక్కువగా కనబడుతుంది కాబట్టి అది చెయ్యమన్నాను. నిద్రలో కేకలు వేస్తున్నావని మీ ఆవిడ ఎప్పుడైనా చెబితే అక్కడే న్యూరాలజిస్టును కలవమన్నాను. అతను నవ్వి, గురక తప్ప ఇంతవరకు వేరే కంప్లైంట్ రాలేదన్నాడు.